ఓరుగల్లు చూడబోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వరంగల్ గురించి వచ్చిన ఉత్తరాల్లో ఒకే విషయం అడిగినవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. దూరాలన్నీ రోడ్డు దారిన, సుమారుగా చెప్పినవి.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు వరంగల్‌లో ఉండాలనుకుంటున్నాం. అత్తమామలకు డెబ్బై దాటాయి, ఇద్దరు పిల్లలు. కాజీపేటలో దిగాలా, వరంగల్‌లోనా? ఏది ముందు చూడాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

ముందు ఊరి అమరిక తెలుసుకోండి. వరంగల్ అంటే మూడు ఊళ్లు కలిసిపోయిన నగరం. పడమట కాజీపేట, నడుమ హనుమకొండ, ఆగ్నేయం వైపు వరంగల్. వేయిస్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట హనుమకొండలో ఉన్నాయి. కోట వరంగల్ రైల్వే స్టేషన్‌కు దగ్గర. భద్రకాళి చెరువు హనుమకొండకూ వరంగల్‌కూ మధ్యలో వస్తుంది. మీరు విజయవాడ వైపు నుంచి వస్తారు కాబట్టి వరంగల్‌లోనే దిగండి. సికింద్రాబాద్, విజయవాడల మధ్య తిరిగే రైళ్లు చాలావరకు రెండు స్టేషన్లలోనూ ఆగుతాయి. ఢిల్లీ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బండ్లు మాత్రం కాజీపేట దగ్గరే అటు తిరిగిపోతాయి, వరంగల్‌కు రావు. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్లేవాటిలో చాలావాటికి వరంగల్లే స్టాపు, కాజీపేట కాదు. ఈ తేడా తెలియక ఒక స్టేషన్‌కు టికెట్ తీసి, ఇంకో స్టేషన్‌కు కారు పిలిపించుకునేవాళ్లు చాలామంది.

బస మాత్రం హనుమకొండలో చూసుకోండి. రెండో రోజు ములుగు రోడ్డు పట్టాలి, అది అటువైపే. ములుగు వైపు బస్సులు కూడా హనుమకొండ బస్టాండు నుంచే దొరుకుతాయి.

మొదటి రోజు ఉదయం ఏడింటికల్లా కోటకు చేరండి. తోరణాల ఆవరణ చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు మెల్లగా నడిచి చూడగలరు. ప్రాకారం మీదికెక్కే మెట్లకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అక్కడికి పిల్లలను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లండి, పెద్దవాళ్లను కింద కూర్చోబెట్టండి. పదకొండు లోపు బయటపడి, మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని, నాలుగింటికి వేయిస్తంభాల గుడికి వెళ్లండి. చీకటి పడే వేళకు భద్రకాళి గుడి. గుళ్లలో చెప్పులు విప్పి రాతి పరుపు మీద నడవాలి. సంక్రాంతికి ఇబ్బంది లేదు కానీ ఫిబ్రవరి దాటితే పదకొండు నుంచి నాలుగు దాకా ఆ రాళ్లు కాలుతుంటాయి. ఒక జత మందపాటి మేజోళ్లు సంచిలో వేసుకోండి.

రెండో రోజు ఆరున్నరకు బయల్దేరితే ఎనిమిదిన్నరకు పాలంపేటలో రామప్ప గుడి దగ్గర ఉంటారు. 65–70 కిలోమీటర్లు. అక్కడ రెండు గంటలు ఉండి, తర్వాత గణపురం కోటగుళ్లకో లక్నవరం చెరువుకో వెళ్లండి. పెద్దవాళ్లతో మూడూ ఒకే రోజు పెట్టుకోవద్దు. చాలామంది ముందు లక్నవరం వెళ్లి, వేలాడే వంతెన మీదా పడవల్లోనూ పొద్దంతా గడిపి, చీకటి పడే వేళకు రామప్ప చేరతారు. తూర్పు ముఖం గుడి అది. లోపలి స్తంభాల చెక్కడం పొద్దుటి వెలుతురులోనే కనబడుతుంది. సాయంత్రానికి మండపం మసకబారి, అంత దూరం వచ్చినా చెక్కడమే కంటికి ఆనదు.

ఇంకో జాగ్రత్త. ఘనపూర్ అనే పేరుతో రెండు ఊళ్లున్నాయి. హైదరాబాద్ దారిలో, జనగామ జిల్లాలో ఉన్నది స్టేషన్ ఘనపూర్. కోటగుళ్లున్నది ములుగు ఘనపూర్, అంటే గణపురం. ఇప్పుడది జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. ఫోన్‌లో దారి వెతికేటప్పుడు జిల్లా పేరు కూడా కొట్టండి. 2021 తర్వాత వేయిస్తంభాల గుడి హనుమకొండ జిల్లా కింద, కోట వరంగల్ జిల్లా కింద ఉన్నాయి. రామప్ప, లక్నవరం రెండూ ములుగు జిల్లా.

ప్రశ్న: వరంగల్ కోటకు వెళ్లాం. నాలుగు తోరణాలు, విరిగిన రాళ్లు తప్ప ఏమీ లేదు. కోట ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

మీరు కోట దాటుకునే ఆ తోరణాల దగ్గరికి వెళ్లారు. ఆటో నేరుగా నడిమధ్యకు తీసుకెళ్లి దింపుతుంది కాబట్టి గోడలు దాటుతున్నామన్న సంగతి తెలియదు. ఓరుగల్లు కోటను చూడటమంటే గోడలను చూడటమే. వాటికి సమయం ఇవ్వకుండా తోరణాల దగ్గర ఫొటో దిగి వచ్చేస్తే మీలాగే నిరాశ కలుగుతుంది.

కోటకు ఒకదాని చుట్టూ ఒకటిగా మూడు వలయాలున్నాయి. అన్నిటికన్నా లోపలిది రాతికోట. దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసం, 45 బురుజులు. కాకతీయ రాజు గణపతిదేవుడు (పాలన 1199–1262) మొదలుపెట్టాడు, రుద్రమదేవి (పాలన 1262–1289) ఎత్తు పెంచి పూర్తిచేసింది. పెద్ద పెద్ద నల్లసేనపు రాతి దిమ్మెలను సున్నం వాడకుండా ఒకదాని మీద ఒకటి అమర్చారు. గోడ లోపలి వైపు మట్టి దిబ్బ ఆని ఉంటుంది. దాని మీద రాతి మెట్లు పొడవునా సాగుతాయి. దాడి ఎటు నుంచి వచ్చినా సైనికులు ఆ పక్కనే పైకెక్కగలిగేలా కట్టిన ఏర్పాటది. గోడ వెలుపల కందకం ఉంది.

రెండోది మట్టికోట, 2.4 కిలోమీటర్ల వ్యాసం. దానికీ వెలుపల వెడల్పాటి కందకం ఉంది. ఇప్పుడు చూస్తే తుప్పలు మొలిచిన పొడవాటి దిబ్బలా కనబడుతుంది. చాలామంది దాన్ని చెరువు కట్ట అనుకుంటారు. మట్టిగోడ అని తీసిపారేయవద్దు. రాయి విసిరే యంత్రాల దెబ్బకు రాతిగోడ పగులుతుంది, దట్టంగా కొట్టిన మట్టి ఆ దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. ఖిల్జీల ముట్టడిని వర్ణించిన ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో ఈ గోడలో ఉక్కు ఈటె కూడా దిగదని రాశాడు. మూడో వలయం కూడా మట్టిదే. 12 కిలోమీటర్లకు పైగా వ్యాసంతో నగరాన్నంతటినీ చుట్టుకుని ఉండేది. ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది.

ఈసారి వెళ్లినప్పుడు ఇలా చూడండి. ఆటోను రాతికోట ద్వారం బయటే ఆపించి దిగండి. లోపలికి నడుస్తూ దారి ఎలా మెలికలు తిరుగుతుందో గమనించండి. ద్వారం లోంచి నేరుగా ఊళ్లోకి వెళ్లలేరు. ఒక ఆవరణలోకి వచ్చి పక్కకు తిరగాలి. తలుపు పగలగొట్టడానికి ఏనుగును తోలాలంటే అది దూరం నుంచి పరుగున రావాలి. ఆ పరుగుకు చోటు లేకుండా చేశారు. పైగా మలుపు తిరిగేవాళ్ల మీదికి పై నుంచి బాణాలు వేయవచ్చు. ద్వారం దాటాక మెట్లెక్కి, గోడ మీద ఒక బురుజు నుంచి పక్క బురుజు దాకా మాత్రం నడవండి. వానాకాలంలో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, పాములుంటాయి, రాయి జారుతుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. గోడల లోపల జనం కాపురముండే ఇళ్లు, పొలాలు ఉన్నాయి. ఎవరి పెరట్లోంచైనా వెళ్లాల్సి వస్తే అడిగి వెళ్లండి.

ఇక తోరణాలు. నాలుగు దిక్కులా నిలిచిన ఆ నాలుగూ స్వయంభూ శివాలయ ప్రాంగణానికి ప్రవేశాలు. ఒక్కోటి ముప్పై అడుగుల ఎత్తు ఉంటుంది. ఒక్కో తోరణాన్నీ ఒకే రాతిలో చెక్కారని వినబడుతుంది, అది నిజం కాదు. స్తంభాలు, వాటి మీద దూలాలు విడివిడిగా చెక్కి పేర్చినవి. అతుకులు కింద నుంచి కూడా కనబడతాయి. హంసలు, మకరాలు, వేలాడే తామర మొగ్గలు చూడండి. గుడి కూలినా ఇవి నిలిచాయి. పడి ఉన్న రాళ్ల మధ్య తిరిగితే ఆ గుడి ఎంత పెద్దదో అంచనాకు వస్తుంది. పిల్లలను రాళ్ల మీదికి ఎక్కనివ్వకండి. అంచులు పదునుగా ఉంటాయి, కొన్ని కదులుతాయి కూడా.

తోరణాలకు పడమటగా ఖుష్‌మహల్ ఉంది. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని ఊళ్లో చెబుతారు. దాని ఏటవాలు గోడలు, లోపల వరుసగా సాగే మొనదేలిన కమానులు చూసి, అది అంతకు ముందే తుగ్లక్‌ల కాలంలో కట్టిన దర్బారు అని కళాచరిత్రకారులు అంటున్నారు. ఈ రెండో మాటే మాకు సబబుగా తోస్తుంది. ఢిల్లీలోని తుగ్లక్‌ల కట్టడాలు చూసినవాళ్లు ఆ గోడల వాలును చూడగానే పోల్చుకుంటారు. ఇరుకు మెట్ల మీదుగా పైకప్పుకు వెళ్లనిస్తే తప్పక ఎక్కండి. తోరణాలు, ఏకశిల గుట్ట ఒకే చూపులో కనబడతాయి.

ప్రశ్న: ఓరుగల్లు ఒక్క ముట్టడితోనే పడిపోయిందా? రుద్రమదేవి యుద్ధంలోనే మరణించిందా?
– ఒక విద్యార్థి, సూర్యాపేట

లేదు. 1303లో అలాఉద్దీన్ ఖిల్జీ పంపిన సైన్యం ఓడి వెనుదిరిగింది. 1310లో మాలిక్ కాఫూర్ వచ్చాడు. మట్టికోట అతని వశమయ్యాక, రాతికోట లోపల ఉన్న ప్రతాపరుద్రుడు సంధి చేసుకుని ఏనుగులు, గుర్రాలు, ధనం ఇచ్చాడు. కప్పం ఆగిపోయిందని 1318లో ఖుస్రో ఖాన్ వచ్చాడు. 1321లో ఉలూగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ముట్టడించాడు కానీ ఢిల్లీ సుల్తాను చనిపోయాడన్న పుకారుతో అతని సేన చెదిరిపోయింది. 1323లో మళ్లీ వచ్చి, నెలల తరబడి ముట్టడించి పట్టుకున్నాడు. ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మార్చాడు. ఢిల్లీకి బందీగా తీసుకెళ్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన మరణించాడని విలస తామ్రశాసనం చెబుతోంది. తర్వాత పదేళ్లు దాటేసరికి ముసునూరి కాపయనాయకుడు ఓరుగల్లును తిరిగి గెలుచుకున్నాడు.

రుద్రమదేవి గురించి కూడా అడిగారు. నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబర్ నాటి శాసనం ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు మరణించాక వారి పుణ్యం కోసం వేయించినది. తిరగబడ్డ సామంతుడు కాయస్థ అంబదేవుడిపై యుద్ధంలో ఆమె మరణించిందని చరిత్రకారులు దీన్నిబట్టే ఊహిస్తున్నారు. శాసనం చెప్పేది మరణం గురించే. యుద్ధంలో పోయిందనేది చరిత్రకారుల అనుమానం. పరీక్షలో రాసేటప్పుడు ఈ తేడా చూపించండి.

ప్రశ్న: వేయిస్తంభాల గుడిలో నిజంగా వెయ్యి ఉన్నాయా? కల్యాణ మండపం ఏళ్ల తరబడి విప్పి పెట్టారు, ఇప్పుడు తెరిచారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

తెరిచారు. 2024 మార్చిలో శివరాత్రి నాడు ప్రారంభమైంది. మళ్లీ లోపల నడవవచ్చు.

ఇన్నేళ్లెందుకు పట్టిందో తెలిస్తే ఆ మండపం మీద గౌరవం పెరుగుతుంది. 1163లో రుద్రదేవుడు ఈ గుడి కట్టించాడు. కాకతీయులు పునాది వేసే పద్ధతి ప్రత్యేకమైనది. లోతుగా గొయ్యి తవ్వి, ఇసుకతో నింపి, దాని మీద రాతి వరుసలు పేర్చి పైకట్టడం లేపుతారు. నేల కదిలినప్పుడు ఇసుక ఆ కదలికను మింగుతుంది. అయితే ఇసుక ఉన్నచోట ఉన్నంతవరకే ఈ ఏర్పాటు పనిచేస్తుంది. నీరు చేరి ఇసుక జారితే స్తంభాలు ఒక్కోటి ఒక్కో ఎత్తున కుంగుతాయి. మండపానికి జరిగింది అదే. అలాంటప్పుడు పైపైన అతుకులు వేస్తే నిలవదు. ప్రతి రాయికీ అంకె వేసి, మొత్తం విప్పి, పునాదిని మళ్లీ నింపి, అదే వరుసలో పేర్చాలి. పగిలిన రాళ్ల స్థానంలో కొత్తవి చెక్కించాలి. అలాంటి చెక్కడం వచ్చిన శిల్పులు దొరకాలి. మండపంలోకి వెళ్లినప్పుడు పాత రాయి, కొత్త రాయి రంగు తేడా వెతికి చూడండి.

వెయ్యి అన్నది పేరు. మండపంలోనివీ, గుడిలోనివీ, గోడల్లో చెక్కిన చిన్నవీ కలిపి లెక్కిస్తే వెయ్యి వస్తాయని అర్చకులు అంటారు. లెక్కకన్నా స్తంభాల నునుపు చూడండి. నడిమి రంగమండపంలోని నాలుగు స్తంభాల దగ్గర నిలబడి, ఒక్కోదాని మీద ఎన్ని రకాల వలయాలు తిప్పి చెక్కారో పరికించండి. మూడు గర్భగుడులున్న త్రికూటం ఇది. శివుడు, వాసుదేవుడు, సూర్యుడు కొలువైనట్లు శాసనం చెబుతోంది. ఇప్పుడు పూజలందుకునేది రుద్రేశ్వరుడు. గుడికీ మండపానికీ మధ్య నల్లరాతి నంది ఉంది. దాని మెడలోని గంటల పేటలు చూడకుండా రావద్దు.

మీరు బతుకమ్మ నాటికి రాగలిగితే ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఇక్కడికి, సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు వెళ్లండి. పద్మాక్షి గుట్ట మీది గుడి తొలుత కడలాలయ బసది అనే జైన కట్టడం. 1117 నాటి శాసన స్తంభం అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. కొండ రాతిలో తీర్థంకరుల రూపాలున్నాయి. వేయిస్తంభాల గుడికి ఇంత దగ్గరున్నా దీన్ని చూసేవాళ్లు తక్కువ, అది మాకు బాధగానే ఉంటుంది.

ప్రశ్న: కాకతీయులు ఇన్ని చెరువులు ఎందుకు తవ్వించారు? ఒక్కదాన్ని చూడాలంటే ఏది చూడాలి, ఏమేం గమనించాలి?
– ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

వరంగల్ గురించి రావలసిన మొదటి ప్రశ్న ఇది. గుళ్లు, కోట, సైన్యం అన్నీ ఈ నీటి మీద బతికాయి.

ఈ నేల రాతి నేల. ఎర్రచెలక, అడుగున గట్టి రాయి, పైన ఎగుడుదిగుళ్లు. వాన నాలుగు నెలలే. ఏడాది పొడవునా పారే ఏరు ఓరుగల్లుకు లేదు. కురిసిన నీటిని ఆపుకుంటేనే వరి పండుతుంది. రెండు గుట్టల మధ్య పల్లం చూసి కట్ట వేస్తే చెరువు అవుతుంది. అది నిండితే మత్తడి (ఎక్కువైన నీరు పొర్లిపోయే అలుగు) దూకి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు నీరు వెళ్తుంది. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులంటారు. ఈ పద్ధతిలో పై చెరువు తెగితే కిందివన్నీ ప్రమాదంలో పడతాయి. పై చెరువు పూడితే కిందివాటికి అదునుకు నీరందదు. కాబట్టి ఒక్క ఊరు తన చెరువును బాగుచేసుకుంటే చాలదు. తవ్వించినవాళ్లకూ, కాపాడేవాళ్లకూ ఆయకట్టులో పదో వంతు దాకా మాన్యం ఇచ్చే దశబంధం అనే ఏర్పాటు అందుకే వచ్చింది. రాజులతో పాటు సేనానులు, నాయకులు, వర్తకులు, స్త్రీలు కూడా చెరువులు తవ్వించినట్లు శాసనాలున్నాయి. 2015లో తెలంగాణ ప్రభుత్వం పూడికతీత పనులకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది కూడా ఈ పరంపరను చూసే.

ఒక్కటే చూడాలంటే పాకాల చూడండి. వరంగల్ నుంచి 50 కిలోమీటర్లు, నర్సంపేట దాటాక. గణపతిదేవుడి కాలంలో జగదాల ముమ్మడి తవ్వించాడు. చుట్టూ అభయారణ్యం. బడి పిల్లలను తీసుకెళ్తే కట్ట మీద నిలబెట్టి ఈ క్రమంలో చూపించండి.

మొదట కట్ట రెండు చివరలూ చూపించండి. అవి గుట్టలను ఎక్కడ తాకుతున్నాయో చూస్తే చోటు ఎంపికలోని తెలివి అర్థమవుతుంది. తక్కువ కట్టతో ఎక్కువ నీరు ఆగింది. తర్వాత నీటి వైపు కట్ట వాలుకు పరిచిన రాళ్లు. అలలు కొట్టి మట్టి కోసుకుపోకుండా పరిచినవి ఇవి, వీటిని రాతికట్టు అంటారు. మూడోది తూము. పాతకాలపు తూముకు నీళ్లలో రెండు రాతి స్తంభాలు నిలిపి, అడ్డంగా రంధ్రాలున్న రాతి పలకలు పెడతారు. ఆ రంధ్రాల గుండా ఒక గడ దిగి, అడుగున ఉన్న బెజ్జాన్ని మూస్తుంది. గడను ఎంత లేపితే అంత నీరు వదులుతుంది. ఆ పని చేసేవాడు నీరటి. ఏ మడికి ఎంతసేపు పారించాలో అతని చేతిలో ఉండేది. చాలాచోట్ల ఇప్పుడు ఇనుప షట్టర్లు వచ్చాయి, పాత స్తంభాలు కొన్నింట్లో మిగిలాయి. చివరగా మత్తడి. ఇది కట్ట కన్నా ఎంత దిగువన ఉందో పిల్లలచేత అంచనా వేయించండి. ఆ ఎత్తు తేడాయే చెరువును కాపాడుతుంది. మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చి ఇంకొంచెం నీరు నిలుపుదామని ఆశపడితే, పెద్ద వాన పడ్డ రాత్రి నీరు కట్ట మీదుగా పొర్లి, మట్టిని కోసి, గండి పడుతుంది. చెరువులు తెగడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఇంకోటి, శిఖం భూమిని, అంటే చెరువు నీరు నిలిచే నేలను, ఆక్రమించి ఇళ్లు కట్టడం. అప్పుడు నీరు నిలిచే చోటు తగ్గి, అదే వానకు మత్తడి రెట్టింపు వడితో దూకుతుంది.

సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా చెరువు నిండుగా ఉంటుంది. మత్తడి దూకుతున్నప్పుడు దాని మీద నడవడం, ఫొటో కోసం దిగడం వద్దు. పాకురు పట్టిన రాయి మీద మడమ లోతు నీరున్నా మనిషిని లాగేస్తుంది. అడవి కాబట్టి ఐదింటికల్లా వెనుదిరగండి. తిండి, నీళ్లు నర్సంపేటలోనే కొనుక్కోండి.

ప్రశ్న: రామప్ప గుడి ఇటుకలు నీళ్లలో తేలుతాయంటారు. అక్కడ వేసి చూపిస్తారా?
– ఏడో తరగతి విద్యార్థిని, ఏలూరు

తేలుతాయన్నది నిజమే అమ్మా. కానీ గుడికి వాడిన ఇటుకను తీసి చూపించడం ఉండదు, అడగకూడదు కూడా. అవి గోపురంలో ఉన్నాయి. మామూలు ఇటుక నీటికన్నా బరువు కాబట్టి మునుగుతుంది. ఈ ఇటుకల నిండా సన్నని గాలి గదులున్నాయి. అందువల్ల అదే పరిమాణం నీటికన్నా తేలిగ్గా ఉంటాయి. ఇసుక పునాది మీద నిలిచిన గుడికి పై బరువు ఎంత తగ్గితే అంత మంచిదని గోపురానికి వీటిని వాడారు. ఇంట్లో ఒక ఎర్ర ఇటుక ముక్కను, అంతే పరిమాణం ఉన్న బెండు ముక్కను బకెట్‌లో వేసి చూడు, తేడా తెలుస్తుంది.

గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాదాపు ఆరడుగుల ఎత్తున్న పీఠం మీద నిలిచిన గుడి అది. గోడలు లేత ఎరుపు ఇసుకరాయి, మదనికలు (చూరు కింది స్త్రీ శిల్పాలు) నల్లరాయి. మూడు ప్రవేశాల దగ్గర చూరు కింద పన్నెండు మంది మదనికలున్నారు. నాగినిని, ఎత్తు మడమల పాదుకలు తొడుక్కున్న అమ్మాయిని వెతికి పట్టుకో. లోపలి దూలాల మీద నర్తకులు, మద్దెల వాయించేవాళ్లు వరుసగా కనబడతారు. గణపతిదేవుడి సేనాని జాయప 13వ శతాబ్దం నడుమ నృత్తరత్నావళి రాశాడు. ఆ గ్రంథం, ఈ శిల్పాలు ఆధారంగా నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు. నాట్యం నేర్చుకుంటుంటే భంగిమలు బొమ్మ గీసుకుని రా.

గర్భగుడి వాకిలి పక్క చెట్టు మీద కృష్ణుడు, కింద గోపికలు ఉన్న చెక్కడాన్ని వేలితో కొడితే స్వరాలు పలుకుతాయని చూపిస్తుంటారు. నువ్వు కొట్టకు. అంత సన్నని రాతి కాడలను వేలమంది తడుతూ పోతే ఏదో ఒకరోజు విరుగుతాయి. మండపం నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది. పైకి చూస్తూ నడవకు, నిలబడి చూడు. గుడి తర్వాత కిలోమీటరు దూరంలో రామప్ప చెరువు కట్ట ఉంది. గుడి, చెరువు రెండూ ఒకే మనిషి కట్టించినవి. కట్ట ఎక్కకుండా వెనక్కి రావద్దని అమ్మానాన్నలకు చెప్పు.

ప్రశ్న: కోహినూర్ వజ్రం భద్రకాళి అమ్మవారి కన్నులో ఉండేదన్నది నిజమేనా?
– ఒక పాఠకుడు, బళ్లారి

ఆధారం లేదు. 1310లో ఓరుగల్లు నుంచి వెళ్లిన ధనంలో ఒక గొప్ప వజ్రం ఉందని అమీర్ ఖుస్రో రాశాడు. అదే కోహినూర్ అనడానికి గానీ, అది అమ్మవారి కన్నులో ఉండేదనడానికి గానీ ఆ కాలపు సాక్ష్యం ఏదీ లేదు. ఇప్పుడున్న గుడిని 1950లో పునరుద్ధరించారు.

ప్రశ్న: మా నానమ్మ ఆజంజాహీ మిల్లు సైరన్ విని పొద్దు లెక్కపెట్టుకునేవాళ్లట. మిల్లు చూడవచ్చా? ఊరి గుర్తుగా ఏం కొనుక్కోవాలి? మాకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డులున్నాయి, టికెట్ ఎంత పడుతుంది?
– ఒక పాఠకురాలు, డల్లాస్

మిల్లు చూడలేరు. 1934లో నిజాం కాలంలో మొదలై, ఊరికి మూడు తరాలు కూడు పెట్టిన ఆ మిల్లు ఈ శతాబ్దం మొదట్లో మూతపడింది. స్థలం అమ్ముడుపోయింది. ఒక కార్మిక నగరానికి గుర్తుగా కనీసం ఒక షెడ్డునైనా మ్యూజియంగా ఉంచి ఉండాల్సింది.

నేత మాత్రం ఉంది. కొత్తవాడకు వెళ్లి దర్రీలు (నేల మీద పరిచే జంపఖానాలు) కొనండి. వరంగల్ తివాచీలు 1851లోనే లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొనేటప్పుడు ముందు తిరగేసి చూడండి. నేతలో వచ్చిన డిజైన్ రెండు వైపులా కనబడుతుంది, అద్దిన డిజైన్ వెనుక వైపు వెలిసినట్లుంటుంది. అద్దకం దర్రీ కూడా ఇక్కడి పనే కావచ్చు, కానీ ధర నేత డిజైన్‌ది అడుగుతారు, అక్కడే బేరం చేయాలి. తడిపిన తెల్ల చేతిరుమాలుతో ముదురు రంగు మీద గట్టిగా రుద్దండి. రంగు అంటితే వద్దు. నేల మీద పరిపించి నాలుగు మూలలు చూడండి. ఒక మూల లేస్తోంటే పోగు బిగువు సమంగా లేదన్నమాట, ఉతికాక ఇంకా వంకర పోతుంది. సామానులో పెట్టేటప్పుడు మడవకుండా చుట్టండి. మొదటి ఉతుకు చల్లని నీళ్లలో, విడిగా. ఆరవేయడం నీడలోనే.

రోడ్డు మీద హైదరాబాద్ వెళ్తుంటే జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకు మీద సుత్తితో కొట్టి చేసే పని చూడండి. బొమ్మ వెనుక వైపు సుత్తి గుంతలు కనబడితే అది చేతిపని.

టికెట్ సంగతి: జాతీయ స్మారక చిహ్నాల దగ్గర ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకు 2021 నుంచి భారతీయుల రుసుమే. అసలు కార్డు దగ్గర ఉంచుకోండి. పాస్‌పోర్టు మాత్రమే చూపిస్తే విదేశీ రుసుము అడుగుతారు. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు.

ప్రశ్న: మేడారం జాతర సమయంలోనే రామప్ప, లక్నవరం కూడా చూసి రావచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

వద్దు. రెండేళ్లకోసారి మాఘమాసంలో పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు అదే ములుగు రోడ్డు ఆధారం. ఆ నాలుగు రోజులూ, వాటికి ముందూ వెనుకా కూడా రోడ్డు నిండిపోతుంది. సొంత వాహనాలను ఒక్కో వైపే వదులుతారు, హనుమకొండలో గదులు దొరకవు. జాతరకే వెళ్లేట్లయితే ఆర్టీసీ ప్రత్యేక బస్సు ఎక్కి, గద్దెల దగ్గర మొక్కు చెల్లించి, వచ్చిన దారినే తిరిగి రండి. గుళ్లు, చెరువులు చూడాలనుకుంటే జాతర ముగిసి పది రోజులయ్యాక బయల్దేరండి. లేదా జాతర లేని ఏడాది జనవరిలో రండి. ఐనవోలు మల్లన్న జాతర కూడా సంక్రాంతికే మొదలవుతుంది. అది ఊరికి దగ్గరే, ఒగ్గు కథలు వింటూ ఒక పూటలో చూసి రావచ్చు.